కెమిస్ట్రీకి లెక్కలెందుకు అనేవారికి

పదో తరగతి ఫలితాలు వచ్చాక తెలుగు ఇళ్లలో ఏటా వినబడే మాట ఒకటుంది. "లెక్కల్లో వీక్ కదా, బైపీసీలో వేసేయండి." అన్నవాళ్లు ఆ మాట అప్పుడే మరిచిపోతారు. ఆ పిల్ల మాత్రం పదిహేనేళ్ల వయసులో లెక్కల పుస్తకం మూసేసి, ఇక దాన్ని తెరిచే పని లేదన్న నమ్మకంతో రెండేళ్లు చదువుతుంది. నీట్‌లో సీటు వస్తే సరే. రానివాళ్లే ఎక్కువ. వాళ్లలో చాలామంది డిగ్రీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ కలిసిన బీజెడ్‌సీలోకో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే కెమిస్ట్రీ మేజర్‌లోకో వస్తారు. ఫిజికల్ కెమిస్ట్రీ పాఠం మొదలైన రోజున బోర్డు మీద ఇంటిగ్రల్ గుర్తు కనబడుతుంది. అదేమిటో ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. చెప్పాల్సింది తామేనని జూనియర్ కాలేజీ అనుకోదు, డిగ్రీ కాలేజీ అనుకోదు, సిలబస్ రాసినవాళ్లూ అనుకోరు.

దీన్ని సమర్థించే వాదన ఒకటి మన విద్యారంగంలో బాగా చెలామణిలో ఉంది. కెమిస్ట్రీ అంటే ప్రధానంగా జ్ఞాపకశక్తి అట. లెక్కలు లేకుండానే బైపీసీ పిల్లలు తరాలుగా డిగ్రీలు పూర్తి చేస్తున్నారట. ఫలానా సబ్జెక్టు చదివితేనే ఫలానా కోర్సు అనడం పాతకాలపు పెత్తనమట. అలాంటి ప్రీరిక్విజిట్‌లు పెడితే పల్లెటూరి పిల్లలకు, పేదింటి పిల్లలకు చదువు దూరమవుతుందట. జాతీయ విద్యా విధానం 2020 వచ్చాక ఈ వాదనకు కొత్త బలం వచ్చింది. ఎవరికి ఏది ఇష్టమైతే అది చదువుకోనివ్వాలి అనే మాట సభల్లో చెబితే చప్పట్లు పడతాయి.

ఈ వాదన తప్పు. కొంత తప్పు, కొంత ఒప్పు అని సర్దుకునే తప్పు కాదు. ఎవరిని కాపాడతామని చెబుతోందో వాళ్లనే ఎక్కువగా దెబ్బతీసే తప్పు. డిగ్రీ కాలేజీల్లో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి కాబట్టి నాకు ఈ విషయంలో ఊరుకునే హక్కు లేదు.

జ్ఞాపకశక్తి సంగతి ముందు చూద్దాం. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో దాదాపు ప్రతి విద్యార్థీ చేసే ప్రయోగం ఒకటుంది. మిథైల్ ఎసిటేట్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలుపుతారు. ఎస్టర్ మెల్లగా విడిపోయి ఎసిటిక్ ఆమ్లం పుడుతుంది. నిర్ణీత సమయాల్లో పిపెట్‌తో కాస్త ద్రావణం తీసి, చర్య అక్కడికక్కడ ఆగేలా ఐసు నీళ్లలో పోసి, ఫినాఫ్తలీన్ వేసి సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తారు. గులాబీ రంగు నిలిచేదాకా పట్టే క్షారం ప్రతిసారీ కొంచెం పెరుగుతుంది. చివర్లో చర్య పూర్తయిన ద్రావణానికి ఒక రీడింగ్ తీస్తారు. ఆ చివరి రీడింగ్‌లోంచి ఒక్కొక్క రీడింగ్‌నూ తీసేసి, మిగిలినదానికి లాగరిథమ్ కట్టి, సమయానికి ఎదురుగా గ్రాఫ్ గీస్తారు. సరళరేఖ వస్తుంది. దాని వాలు నుంచి రేటు స్థిరాంకం కడతారు.

ఎంత అందమైన ప్రయోగమో ఇది! చేతిలో ఉన్నది ఒక బ్యూరెట్, ఒక గడియారం. వాటితో కంటికి కనబడని అణువులు ఎంత వేగంగా మారుతున్నాయో తెలుసుకుంటున్నాం. ఆ వేగం ఎప్పటికప్పుడు మిగిలి ఉన్న ఎస్టర్ మీదే ఆధారపడుతుందని ఆ సరళరేఖ నిరూపిస్తోంది. మరి ప్రాక్టికల్ పరీక్షలో వైవా అడగండి. "లాగరిథమ్ ఎందుకు తీశావమ్మా?" అంటే "ఫార్ములాలో ఉంది సార్" అంటుంది. "2.303 ఏమిటి?" అంటే "కాన్‌స్టంట్ సార్" అంటుంది. గ్యాస్ స్థిరాంకం లాగా, అవగాడ్రో సంఖ్య లాగా అదీ ప్రకృతి ఇచ్చిన అంకె అనుకుంటుంది. సహజ లాగరిథమ్‌ను పది ఆధారంగా ఉన్న లాగరిథమ్‌గా మార్చుకునేందుకు వాడే గుణకం మాత్రమే అదని, కెమిస్ట్రీతో దానికి ఏ సంబంధమూ లేదని ఆమెకు తెలియదు. నెర్న్‌స్ట్ సమీకరణంలోని 0.0591 కూడా అంతే. అది 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర మాత్రమే చెల్లే విలువ. ఉష్ణోగ్రత మార్చి లెక్క ఇస్తే మన విద్యార్థుల్లో ఎక్కువమంది అదే అంకె వేస్తారు. ఎందుకంటే ఆ అంకె ఎక్కడినుంచి పుట్టిందో వాళ్లు చూడలేదు.

ఆ అమ్మాయి తెలివితక్కువది కాదు. ఇది గట్టిగా చెప్పాలి. ఆమె టైట్రేషన్ చేయి అద్భుతంగా ఉంటుంది, చుక్క తేడా రానివ్వదు. ఆర్గానిక్ కెమిస్ట్రీలో మెకానిజమ్ వేస్తే బాణం గుర్తులు తడబడవు. ఆమెకు తెలియనిది ఆమెకు ఎవరూ నేర్పనిది. మార్పు రేటు అనే భావన, ఆ చిన్న చిన్న మార్పులన్నీ కూడితే మొత్తం ఎలా వస్తుందనే భావన. ఈ రెండూ లేకుండా రసాయన గతిశాస్త్రం చదవమంటే మిగిలేది బట్టీయే. జ్ఞాపకశక్తి సబ్జెక్టు అని మనం పేరు పెట్టిన కెమిస్ట్రీని అలా తయారు చేసింది మనమే. లెక్కలు తీసేశాం కాబట్టి అది బట్టీగా మారింది. బట్టీగా మారింది కాబట్టి లెక్కలు అక్కర్లేదంటున్నాం.

విషయం స్వభావానికొస్తే ఇందులో వాదనకు తావే లేదు. 1850లో జర్మనీలో లుడ్విగ్ విల్‌హెల్మీ పంచదార ద్రావణం ఆమ్లంలో విడిపోయే వేగాన్ని పోలారిమీటర్‌తో కొలిచి, దాన్ని అవకలన సమీకరణంగా రాశాడు. రసాయన చర్య వేగాన్ని అధ్యయనం చేయడం అక్కడ మొదలైంది, మొదలైందే కాలిక్యులస్‌తో. 1889లో అరీనియస్ ఉష్ణోగ్రతకూ చర్యావేగానికీ ఉన్న సంబంధాన్ని ఘాతాంక రూపంలో చెప్పాడు. గిబ్స్ ఉష్ణగతిశాస్త్రం నిండా పాక్షిక అవకలజాలే. అణువు ఆకారాన్ని, అది ఇన్‌ఫ్రారెడ్, రామన్ వర్ణపటాల్లో ఎలా కనబడుతుందో గ్రూప్ థియరీతో చెబుతారు. ఈ గ్రూప్ థియరీ మీద దేశంలో తొలినాళ్లలో వచ్చిన ముఖ్యమైన గ్రంథాల్లో ఒకటి మన వాల్తేరు నుంచే వచ్చింది. భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం, గణితజ్ఞుడు టి. వెంకటరాయుడు కలిసి రాయగా 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రచురించింది. గణితమూ భౌతిక రసాయన శాస్త్రాలూ ఒకే బల్ల దగ్గర కూర్చున్న సంప్రదాయం మనది. ఆ ప్రాంతంలోనే ఇవాళ కెమిస్ట్రీకి లెక్కలెందుకని అడుగుతున్నాం.

1998లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న ఇద్దరిలో ఒకరైన జాన్ పోపుల్ కేంబ్రిడ్జిలో చదివింది గణితం. "చూశారా, కెమిస్ట్రీ డిగ్రీ లేకుండా కెమిస్ట్రీలో నోబెల్ తెచ్చుకున్నాడు, ప్రీరిక్విజిట్‌లు ఎందుకు?" అని ఒక సెమినార్‌లో ఒకాయన నన్ను అడిగారు. ఆయన తెచ్చిన ఉదాహరణ నా పక్షానే ఉంది. గణితం గట్టిగా ఉన్నవాడు కెమిస్ట్రీలోకి రాగలిగాడు. గణితం లేకుండా క్వాంటమ్ కెమిస్ట్రీలోకి వెళ్లినవాళ్ల ఉదాహరణ చూపమంటే ఆయన దగ్గర లేదు.

ఇక రెండో మాట. బీజెడ్‌సీ పిల్లలు ఇన్నేళ్లుగా పాసవుతూనే ఉన్నారు కదా అని.

అవును, పాసవుతున్నారు. ఎలా పాసవుతున్నారో ప్రశ్నపత్రాలే చెబుతాయి. "ప్రథమ క్రమాంక చర్యకు రేటు సమీకరణాన్ని ఉత్పాదించుము" అని ఏళ్ల తరబడి అదే ప్రశ్న. గైడులో పేజీన్నర జవాబు. పిల్లలు ఆ పేజీన్నర గుర్తులతో సహా కంఠస్థం చేసి, ఇంటిగ్రల్ గుర్తును బొమ్మ గీసినట్టు గీసి వస్తారు. అదే చర్యకు కొత్త అంకెలిచ్చి ఒక చిన్న లెక్క అడిగితే ఛాయిస్‌లో వదిలేస్తారు. ఛాయిస్‌లో వదిలేయడానికి వీలుగానే పేపర్ తయారవుతుంది, పేపర్ తయారుచేసేవాళ్లకు ఆ సంగతి తెలుసు. ఇలా పాసు చేయించడాన్ని మనం ఉదారత అనుకుంటున్నాం.

ఆ ఉదారత గేటు దాటగానే అయిపోతుంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి రాసే జామ్ పరీక్షలో కెమిస్ట్రీ సిలబస్ తీసి చూడండి. ఫిజికల్ కెమిస్ట్రీ విభాగంలో ముందుగా ఉండేది ప్రాథమిక గణిత భావనలు. ప్రమేయాలు, గరిష్ఠ కనిష్ఠ విలువలు, సమాకలనాలు, అవకలన సమీకరణాలు, సదిశలు, మాత్రికలు, నిర్ధారకాలు, సంభావ్యత. సీఎస్ఐఆర్ నెట్‌లో కెమికల్ సైన్సెస్ పేపర్ క్వాంటమ్ కెమిస్ట్రీ, గ్రూప్ థియరీ లేకుండా ఉండదు. మన డిగ్రీ కాలేజీ అడగని ప్రీరిక్విజిట్‌ను ఆ పరీక్షలు అడుగుతాయి. అప్పుడు ఆ పిల్లకు ఇరవై, ఇరవై ఒక్క ఏళ్లు వచ్చి ఉంటాయి. ఆ వయసులో, పక్కన టీచరు లేకుండా, హాస్టల్ గదిలో ఒంటరిగా, ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల పుస్తకం కొనుక్కుని మొదలుపెట్టాలి. మొదలుపెట్టినవాళ్లను చూశాను. వాళ్ల పట్టుదలకు దండం పెట్టాలి. కానీ అది వాళ్ల మీద మనం మోపిన బరువు, మోపాల్సిన అవసరం లేని బరువు.

ఇక్కడే సామాజిక న్యాయం పేరుతో చెప్పే వాదనకు జవాబు ఉంది. ఈ వాదనను నేను చులకనగా చూడను. మన ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో చదివేవాళ్లలో ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కినవాళ్లు ఎంతమందో రోజూ చూస్తుంటాను. ఉపాధి హామీ పనికి వెళ్లే తల్లుల పిల్లలు. వాళ్లకు ఒక్క తలుపు కూడా మూయకూడదు. ఆ ఆరాటంలో నాకూ భాగం ఉంది. కానీ ప్రీరిక్విజిట్ తీసేస్తే ఏం జరుగుతుందో నిజాయితీగా చూడాలి. కాగితం మీంచి తీసేసినంత మాత్రాన ఆ అవసరం సబ్జెక్టులోంచి పోదు. కాలేజీ మోయాల్సిన బాధ్యత ఇంటి మీదికి మారుతుంది, అంతే. డబ్బున్న ఇల్లు ట్యూషన్ పెడుతుంది, ఆన్‌లైన్ కోర్సు కొంటుంది, హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో జామ్ కోచింగ్‌లో చేరుస్తుంది. డబ్బులేని ఇంట్లో పిల్ల "కెమిస్ట్రీ నాకు రాదు" అనుకుని వదిలేస్తుంది. తనకు నేర్పలేదని అనుకోదు, తనకే రాదనుకుంటుంది. ఈ విధానం చేసిన అన్ని అన్యాయాల్లోకి అది పెద్దది.

అందరినీ చేర్చుకుని కావలసింది నేర్పకపోవడం సమానత్వం కాదు. కాలేజీ "ఈ కోర్సుకు ఇది ముందు రావాలి" అని రాసిపెట్టిందంటే, "అది రాకపోతే మేమే నేర్పుతాం" అనే హామీ కూడా దానితోపాటు ఉండాలి. ఆ హామీ లేని ప్రీరిక్విజిట్ నిజంగానే అడ్డుగోడ. ఆ గోడను కూల్చాలనేవాళ్లతో నేనూ చేతులు కలుపుతాను. కానీ వాళ్లు హామీని కూడా కలిపి కూల్చేస్తున్నారు.

దీనికి దేశవ్యాప్తంగా నడుస్తున్న ఉదాహరణ మన కళ్లముందే ఉంది, ఎవరూ పట్టించుకోరు. బీఫార్మసీ. ఫార్మసీ కౌన్సిల్ సిలబస్ ప్రకారం ఇంటర్లో లెక్కలు చదవని విద్యార్థి మొదటి సెమిస్టర్‌లో రెమిడియల్ మ్యాథమెటిక్స్ చదవాలి. బయాలజీ చదవనివాడు రెమిడియల్ బయాలజీ చదవాలి. బైపీసీవాళ్లకూ తలుపు తెరిచి ఉంది, ఎంపీసీవాళ్లకూ తెరిచి ఉంది. ఎవరికి ఏది తక్కువో అది కాలేజీ నేర్పుతుంది. అమలు చాలాచోట్ల మొక్కుబడిగా ఉంటుందని తెలుసు. అయినా సూత్రం సరైనది. పక్క బిల్డింగ్‌లో బీఫార్మసీ పిల్లకు అవసరమైన లెక్కలు బీఎస్సీ కెమిస్ట్రీ పిల్లకు అక్కర్లేకుండా ఎలా పోయాయి? ఇద్దరూ రేపు ఒకే ఫార్మా కంపెనీలో, ఒకే ల్యాబ్‌లో, ఒకే మందు శాంపిల్ మీద పనిచేయాల్సినవాళ్లే.

ఇంకో పోలిక. 2021లో సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ఇంజినీరింగ్ ప్రవేశానికి ఇంటర్లో మ్యాథ్స్, ఫిజిక్స్ తప్పనిసరి అనే నియమాన్ని సడలించి, తగిన బ్రిడ్జి కోర్సులు విశ్వవిద్యాలయాలు నడుపుతాయంది. దేశమంతా గగ్గోలు పుట్టింది. లెక్కలు రాని ఇంజినీరు వంతెన ఎలా కడతాడని పత్రికలు రాశాయి, ఏఐసీటీఈ వివరణ మీద వివరణ ఇచ్చుకుంది. సరే, న్యాయమైన ఆందోళనే. అదే పరిస్థితి బీఎస్సీలో ఏళ్లుగా ఉంటే ఒక్క గొంతూ లేవలేదు. బీఎస్సీ అంటే ఇంజినీరింగ్, మెడిసిన్ రెండూ రానివాళ్లు కాలక్షేపానికి చదివేదని మన మనసుల్లో ఉంది కాబట్టి. ఈ చిన్నచూపే ప్రీరిక్విజిట్ లేకపోవడానికి అసలు మూలం. పైకి చెప్పే సమానత్వం దాని మీద కప్పిన దుప్పటి.

కొందరు అమెరికాను చూపిస్తారు. అక్కడ కాలేజీలో విద్యార్థి ఇష్టమైన కోర్సు తీసుకోవచ్చు అంటారు. అక్కడి కాలేజీ కేటలాగ్‌లో ప్రతి కెమిస్ట్రీ కోర్సు కిందా ప్రీరిక్విజిట్ ఏమిటో రాసి ఉంటుందని మాత్రం చెప్పరు. జనరల్ కెమిస్ట్రీ అయ్యాకే ఆర్గానిక్. కాలిక్యులస్, ఫిజిక్స్ అయ్యాకే ఫిజికల్ కెమిస్ట్రీ. అమెరికన్ కెమికల్ సొసైటీ గుర్తింపు ఇచ్చే డిగ్రీలకు కాలిక్యులస్ తప్పదు. స్వేచ్ఛ ఉంది, కానీ వరుస కూడా ఉంది. మన ఇంటి పిల్లలు అక్కడికి పీజీకి వెళ్లాక ఆ లోటు పూడ్చుకోవడానికి ఎంత అవస్థ పడతారో వెళ్లినవాళ్లను అడగండి.

అక్కడినుంచే నాకు వ్యతిరేకంగా చెప్పగలిగిన బలమైన ఉదాహరణ ఒకటుంది. ఎదుటివాళ్లు చెప్పకముందే నేనే చెబుతాను. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ప్రవేశించగానే ఒక పరీక్ష పెట్టి, లెక్కల్లో వెనకబడినవాళ్లను డిగ్రీకి లెక్కకురాని రెమిడియల్ కోర్సుల్లో ఒకదాని తరవాత ఒకటి కూర్చోబెట్టేవారు. చాలామంది ఆ వరుసలోనే విసిగి చదువు మానేసేవారు. 2017లో ఏబీ 705 అనే చట్టం తెచ్చి ఆ పద్ధతికి కళ్లెం వేశారు. ప్రీరిక్విజిట్‌ల వల్ల నష్టం ఉందనడానికి ఇది సాక్ష్యం కాదా అంటే, తప్పుగా పెట్టిన ప్రీరిక్విజిట్‌ల వల్ల నష్టం ఉందనడానికి సాక్ష్యం. వాళ్లు లెక్కలు అక్కర్లేదనలేదు. అసలు కోర్సులోనే నేరుగా చేర్చుకుని, దానికి తోడుగా అదనపు క్లాసు, అదనపు టీచరు సాయం ఇచ్చే పద్ధతి వైపు మళ్లారు. నేను అడుగుతున్నదీ అదే. విద్యార్థిని బయట నిలబెట్టకండి, లోపలికి తీసుకుని నేర్పండి, క్రెడిట్ ఇచ్చి నేర్పండి.

మన నిబంధనల్లో ఏముందో కూడా సగమే ప్రచారమవుతోంది. 2025లో యూజీసీ నోటిఫై చేసిన కొత్త నిబంధనల ప్రకారం ఇంటర్లో ఏ గ్రూపు చదివినా డిగ్రీలో ఏ సబ్జెక్టులోనైనా చేరవచ్చని అందరూ రాశారు. ఆ వాక్యంలో రెండో సగం ఉంది. జాతీయ స్థాయిలోనో విశ్వవిద్యాలయ స్థాయిలోనో ఆ సబ్జెక్టులో ప్రవేశ పరీక్ష గట్టెక్కాలి. అంటే ముందు ఏ గ్రూపు చదివావన్నది వదిలేశారు, ఆ సబ్జెక్టు వచ్చా రాదా అన్నది వదల్లేదు. మన దగ్గర తెలంగాణలో దోస్త్ ద్వారా జరిగే డిగ్రీ ప్రవేశాలైనా, ఆంధ్రలో ఆన్‌లైన్ ప్రవేశాలైనా నడిచేది ఇంటర్ మార్కుల మీద. కాబట్టి మొదటి సగం మాత్రమే అమలవుతుంది, రెండోది గాలికి పోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి సింగిల్ మేజర్ విధానం వచ్చింది. మూడు సబ్జెక్టుల పాత కాంబినేషన్ పోయి, కెమిస్ట్రీ మేజర్ అంటే కెమిస్ట్రీయే ఎక్కువ చదివే పద్ధతి మొదలైంది. లోతు పెరగాలి, మంచిదే. లోతు పెరిగిన కొద్దీ గణితం అవసరం పెరుగుతుందన్నది మాత్రం లెక్కలోకి రాలేదు. మొదటి సెమిస్టర్‌లో గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ, కంప్యూటర్ పరిచయం అన్నీ కలిపిన ఉమ్మడి కోర్సు ఒకటి పెట్టారు. అందులో గణితం వాటా ఒక యూనిట్. రెండేళ్లు లెక్కలు వదిలేసిన విద్యార్థికి ఒక్క యూనిట్‌లో ఫిజికల్ కెమిస్ట్రీకి కావలసిన గణితం రాదు, రాదని ఏ లెక్కల టీచరైనా చెబుతారు. 2025-26 నుంచి ఆంధ్ర ఇంటర్ బోర్డు బైపీసీతో పాటు లెక్కలూ తీసుకునే ఎంబైపీసీకి దారి ఇచ్చింది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు సంతోషం కలిగించిన నిర్ణయం అదొక్కటే. కానీ అది కోరుకున్నవాళ్లకు మాత్రమే. మామూలు బైపీసీలోంచి వచ్చే పిల్లల సంగతి అలాగే ఉంది.

వరుస అనే మాట మన డిగ్రీల్లో అసలే లేదు. మొదటి సెమిస్టర్ కెమిస్ట్రీ తప్పినా దానిమీద ఆధారపడే తరవాతి పేపర్‌లో కూర్చోవచ్చు. బ్యాక్‌లాగ్ ఎప్పుడో రాసుకోవచ్చు. పునాది సప్లిమెంటరీలో, పై అంతస్తు రెగ్యులర్‌లో.

ఇంతకీ కాలేజీలు ఎందుకు మాట్లాడవు? నిజం చెప్పుకుందాం. సీట్లు నిండవని భయం. రెండు రాష్ట్రాల్లోనూ ఏటా డిగ్రీ సీట్లు పెద్ద సంఖ్యలో ఖాళీగా మిగులుతున్నాయి. కెమిస్ట్రీకి లెక్కలు కావాలని చెబితే ఆ ఉన్న పిల్లలూ బీబీఏకో, బీకాం కంప్యూటర్స్‌కో వెళ్లిపోతారని, సెక్షన్ ఎత్తేస్తారని, పోస్టు పోతుందని. ఈ భయం నాకు అర్థమవుతుంది, నా సహోద్యోగుల ఉద్యోగాలు దానిమీదే ఉన్నాయి. కానీ మన ఉద్యోగం నిలబడటానికి పిల్లకు మూడేళ్లు అర్థంకాని చదువు చెప్పడం ఏ రకంగానూ సమర్థించుకోలేం.

అర్థంకాని చదువుకు ధర చెల్లించేది ఆ పిల్ల ఒక్కతే కాదు. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ, అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో మన బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పిల్లలే షిఫ్టుల్లో పనిచేస్తున్నారు. క్వాలిటీ కంట్రోల్‌లో హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద వచ్చిన అంకెలను కాలిబ్రేషన్ రేఖతో పోల్చి, ఎంత తేడా వరకు నమ్మవచ్చో తేల్చేది గణాంకశాస్త్రం. మందు డబ్బా మీద అచ్చయ్యే ఎక్స్‌పైరీ తేదీ వెనక ఉన్నది రసాయన గతిశాస్త్రం. మందును 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి, అది ఎంత విడిపోతోందో కొలిచి, మామూలు వాతావరణంలో ఎన్నాళ్లు నిలుస్తుందో అంచనా కడతారు. ఆ పనిని సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది అంటారు. చేసిపెడుతుంది. అది తప్పు చెప్పినప్పుడు పట్టుకోవాల్సింది మనిషి.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ ట్యాంకులోంచి వెలువడిన స్టైరీన్ ఆవిరి నిద్రలో ఉన్న ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. ట్యాంకులోని స్టైరీన్ తనంతట తాను పాలిమర్‌గా మారడం మొదలైంది. ఆ చర్యలో వేడి పుడుతుంది, ఆ వేడి చర్యను ఇంకా వేగిరం చేస్తుంది, ఇంకా వేడి పుడుతుంది. చక్రవడ్డీలా పెరుగుతుంది. కాసేపటిదాకా ఏమీ లేనట్టు ఉండి, ఒక్కసారిగా చేయి దాటిపోతుంది. ట్యాంకు అడుగున ఉష్ణోగ్రత చూసి పైభాగం కూడా అలాగే ఉందనుకోవడం ఎంత ప్రమాదమో ఆ ఘటన మీద జరిగిన విచారణలో బయటపడింది. ఆ దుర్ఘటనకు కారణం ఉద్యోగులకు కాలిక్యులస్ రాకపోవడం అని నేను అనడం లేదు. శీతలీకరణ, నిరోధక రసాయనం, యాజమాన్య నిర్లక్ష్యం, అన్నీ ఉన్నాయి. నేను చెప్పేది వేరు. చర్యావేగం ఉష్ణోగ్రతతో సరళరేఖలా కాక ఘాతాంకంలా పెరుగుతుందన్న సంగతి రసాయనాల పక్కన నిలబడే ప్రతి మనిషికీ ఒంటబట్టి ఉండాలి. "పది డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపు" అన్న వాక్యం పరీక్షలో రాసి రెండు మార్కులు తెచ్చుకోవడం ఒకటి. ఉష్ణోగ్రత చూపే ఎర్రసూది కదలడం చూసి, ఇంకో అరగంటలో ఏమవుతుందో ఊహించి, ఫోన్ ఎత్తడం ఇంకొకటి. ఈ రెండోది నేర్పడానికే ఫిజికల్ కెమిస్ట్రీ ఉంది. లెక్కలు లేకుండా అది నేర్పలేం.

కావలసింది పెద్ద సంస్కరణేమీ కాదు. ఇంటర్లో లెక్కలు చదవకుండా కెమిస్ట్రీ తీసుకున్న ప్రతి విద్యార్థికీ మొదటి సెమిస్టర్‌లోనే రసాయన శాస్త్రానికి కావలసిన గణితం పూర్తి కోర్సుగా పెట్టాలి. పూర్తి క్రెడిట్లతో, లెక్కల లెక్చరర్, కెమిస్ట్రీ లెక్చరర్ కలిసి చెప్పాలి. లాగరిథమ్‌లు, గ్రాఫులు, అవకలనం, సమాకలనం, కొంచెం గణాంకశాస్త్రం చాలు. ఉదాహరణలన్నీ కెమిస్ట్రీలోంచే రావాలి, పీహెచ్ నుంచి, అర్ధాయువు నుంచి, టైట్రేషన్ రీడింగుల నుంచి. రైలు, తొట్టి లెక్కలు మళ్లీ మొదలుపెట్టొద్దు, అవి చూసే ఈ పిల్లలు ఒకసారి పారిపోయారు. ముందే వచ్చినవాళ్లు చిన్న పరీక్ష రాసి మినహాయింపు తీసుకోవచ్చు. గతిశాస్త్రం, ఉష్ణగతిశాస్త్రం, క్వాంటమ్ కెమిస్ట్రీ పేపర్లు ఆ కోర్సు పాసయ్యాకే తీసుకోవాలి. తప్పినవాళ్లకు వేసవిలో ఫీజు లేకుండా మళ్లీ చెప్పాలి. పుస్తకం తెలుగులో ఉండాలి. తెలుగు అకాడమీ డిగ్రీ కెమిస్ట్రీ పుస్తకాలు తెలుగులో తెచ్చిన అనుభవం మనకుంది, ఇదొక్క పుస్తకం తేవడం అసాధ్యమేమీ కాదు.

లెక్చరర్లు ఎక్కడున్నారంటారా? చాలా ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో గణిత విభాగం ఉంది. ఎంపీసీ సెక్షన్లు పల్చబడి కొన్నిచోట్ల వాళ్లకు పని కూడా తగ్గింది. మనసుంటే మనిషి దొరుకుతాడు.

లెక్కలంటే భయం సంగతేమిటని అడుగుతారు. ఆ భయం పుట్టించింది పదో తరగతిలో మనం ఇచ్చిన తీర్పు. సందర్భం దొరికితే అది పోతుంది. తన చేత్తో చేసిన టైట్రేషన్ రీడింగులకు గ్రాఫ్ గీసి, అది సరళరేఖగా రావడం చూసి, ఎందుకొచ్చిందో తెలుసుకున్న పిల్ల మొహం నేను చూశాను. బైపీసీ పిల్లే. ఆ తరవాత ఆమె "లెక్కలు నాకు రావు" అన్న మాట అనలేదు.

యూనివర్సిటీల కెమిస్ట్రీ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో కూర్చునే నా తోటి ఉపాధ్యాయులకు ఒక విన్నపం. వచ్చే సమావేశంలో సిలబస్‌లో నానో టెక్నాలజీ యూనిట్ ఎక్కడ పెట్టాలన్నదానికంటే ముందు ఈ గణితం కోర్సును చర్చకు పెట్టండి. కెమిస్ట్రీ పేపర్ల పక్కన ప్రీరిక్విజిట్ అనే గడి గీయించండి, దాని కింద ఆ ప్రీరిక్విజిట్‌ను కాలేజీ ఏ సెమిస్టర్‌లో, ఎవరిచేత నేర్పిస్తుందో రాయించండి. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలైతే యూనివర్సిటీ కోసం ఆగాల్సిన పని కూడా లేదు. వచ్చే విద్యా సంవత్సరం నుంచే మొదలుపెట్టవచ్చు.